ఎనిమిదేళ్లు ఆలస్యంగా ఇల్లు చేరిన పిల్లవాడు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఇంటిల్లిపాదీ కలిసి చూడదగిన పాత సైన్స్ ఫిక్షన్ చిత్రాల గురించి గత సంచికలో రాసినప్పుడు, 1986లో విడుదలైన అమెరికన్ చిత్రం ‘ఫ్లైట్ ఆఫ్ ది నావిగేటర్’ను ఒక్క వాక్యంలో ప్రస్తావించాం. ఆ వాక్యాన్ని పట్టుకుని పాఠకులు అడిగిన ప్రశ్నలు లోతైనవి కావడంతో, ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ చిత్రానికే కేటాయిస్తున్నాం. కథ ముగింపును దాచి ఈ ప్రశ్నలకు జవాబు చెప్పడం కుదరదు కనుక, చిత్రం ఇంకా చూడనివారు ముందుగా చూసి ఆ తర్వాత చదివితే మేలు.

ప్రశ్న: చిన్నప్పుడు మా పెదనాన్నగారింట్లో వీడియో క్యాసెట్‌లో ఒక ఇంగ్లీషు సినిమా చూశాను. అందులో ఒక పిల్లవాడు తప్పిపోయి తిరిగివచ్చేసరికి తమ్ముడు అతనికంటే పెద్దవాడై ఉంటాడు. అద్దంలా మెరిసే ఒక అంతరిక్ష నౌక కూడా గుర్తుంది. మీరు రాసిన సినిమా అదేనా?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: అదే. కథ 1978 జులై 4న, అమెరికా స్వాతంత్ర్య దినోత్సవం నాటి రాత్రి, ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్‌లో మొదలవుతుంది. పన్నెండేళ్ల డేవిడ్ ఫ్రీమన్, స్నేహితుడి ఇంటికి వెళ్లిన ఎనిమిదేళ్ల తమ్ముడు జెఫ్‌ను తీసుకురావడానికి చెట్ల మధ్యనుంచి నడుచుకుంటూ వెళ్లి, ఒక లోయలోకి జారిపడి స్పృహ తప్పుతాడు. కాసేపటికి లేచి ఇంటికి పరుగెత్తితే తలుపు తీసినవాళ్లు ఎవరో ముక్కూ మొహం తెలియని వృద్ధులు. పోలీసులు వెతికి అమ్మానాన్నల దగ్గరకు చేర్చినప్పుడుగాని అది 1986 అన్న సంగతి బయటపడదు. తల్లిదండ్రుల ముఖాల్లో వయసు కనిపిస్తుంది, జెఫ్ పదహారేళ్ల యువకుడై ఎదురుగా నిలబడతాడు, డేవిడ్ మాత్రం వెళ్లినవాడు వెళ్లినట్టే పన్నెండేళ్ల దగ్గరే ఉంటాడు. చట్టం దృష్టిలో అతడు చనిపోయినవాడు కూడా.

అదే సమయంలో ఒక వింత నౌక విద్యుత్ తీగలకు తగిలి నేలకు దిగుతుంది. నాసా దానిని తన హ్యాంగర్‌లోకి చేరుస్తుంది. ఆసుపత్రిలో పరీక్షిస్తే డేవిడ్ మెదడులోనుంచి అదే నౌక బొమ్మ కంప్యూటర్ తెరమీదికి వస్తుంది. ఆ తర్వాత అతడు నాసా కేంద్రంనుంచి తప్పించుకోవడం, నౌకను నడిపే ‘మాక్స్’ అనే యంత్రంతో స్నేహం చేయడం, చివరికి తన ఇంటికి, తన 1978కి దారి వెతుక్కోవడం మిగిలిన కథ. దర్శకుడు రాండల్ క్లైజర్. డేవిడ్‌గా నటించిన బాలుడు జోయి క్రామర్. నాసాలో ఉత్తరాలు మోసే మరమనిషిని చూసుకునే యువతిగా కనిపించేది అప్పటికింకా పెద్ద తార కాని సారా జెస్సికా పార్కర్.

ప్రశ్న: ఇంటర్మీడియట్ పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను. ఈ చిత్రంలో డేవిడ్‌కు 4.4 గంటలే గడవగా భూమ్మీద ఎనిమిదేళ్లు గడిచాయని నాసా శాస్త్రవేత్త వివరిస్తాడు. ఇది ఐన్‌స్టీన్ సిద్ధాంతానికి సరిపోతుందా? తరగతిలో ఉదాహరణగా వాడుకోవచ్చా?
– ఒక అధ్యాపకురాలు, గుంటూరు

జవాబు: తప్పకుండా వాడుకోవచ్చు. అయితే అందులో సగమే సరిపోతుంది, తక్కిన సగం సరిపోదు. ఆ సరిపోని సగం పిల్లలకు మరింత బాగా పనికివస్తుందని మా అభిప్రాయం.

మొదట సరిపోయేదాన్ని చూద్దాం. కాంతివేగానికి దగ్గరగా ప్రయాణించే వ్యక్తి గడియారం, నేలమీద ఉండిపోయినవారి గడియారంకంటే నెమ్మదిగా నడుస్తుందని ఐన్‌స్టీన్ 1905లో ప్రతిపాదించిన ప్రత్యేక సాపేక్ష సిద్ధాంతం చెబుతుంది. కవలల్లో ఒకరు అలా వెళ్లివస్తే ఇంటి దగ్గరున్నవారే ఎక్కువ ముసలివారవుతారు. ఇది కాగితంమీదనే మిగిలిపోయిన ఊహ కాదు. 1971లో హాఫెలే, కీటింగ్ అనే ఇద్దరు సీజియం అణుగడియారాలను మామూలు ప్రయాణికుల విమానాల్లో భూమి చుట్టూ తిప్పి, వాషింగ్టన్‌లోని నౌకాదళ ఖగోళ వేధశాలలో కదలకుండా ఉన్న గడియారాలతో పోల్చారు. తూర్పువైపు వెళ్లినవి సుమారు 59 నానోసెకన్లు వెనకబడ్డాయి, పడమరవైపు వెళ్లినవి సుమారు 273 నానోసెకన్లు ముందుకు జరిగాయి. విమాన వేగం, భూభ్రమణం, ఎత్తులో తగ్గే గురుత్వం, ఈ మూడింటి ప్రభావాన్నీ కలిపి లెక్కకడితే సిద్ధాంతం చెప్పే విలువలు ఆ కొలతలతో ఏకీభవించాయి. ఇంకా సులభమైన ఉదాహరణ కావాలంటే మ్యూయాన్లున్నాయి. వాతావరణం పైపొరల్లో, సుమారు 15 కిలోమీటర్ల ఎత్తున పుట్టే ఈ కణాల సగటు ఆయుష్షు 2.2 మైక్రోసెకన్లు. అంత స్వల్ప వ్యవధిలో కాంతి సైతం 660 మీటర్లే వెళ్లగలదు. అయినా మ్యూయాన్లు నేలదాకా వచ్చి మన శరీరాల గుండా దూసుకుపోతున్నాయంటే, వాటి గడియారం మన లెక్కలో నెమ్మదించింది కనుకనే. చిత్రంలో ఆ నౌక డేవిడ్‌ను తీసుకువెళ్లిన ఫేలన్ గ్రహానికి ఒకవైపు ప్రయాణం 2.2 గంటలని చెబుతారు. అంకె ఒకటే కావడం యాదృచ్ఛికమే అయినా, పిల్లలకు గుర్తుండిపోవడానికి పనికివస్తుంది.

ఇక లెక్క వేయిద్దాం. ఎనిమిదేళ్లంటే దాదాపు 70 వేల గంటలు. దానిని 4.4తో భాగిస్తే సుమారు 16 వేలు వస్తుంది. అంటే డేవిడ్ గడియారం భూమి గడియారంకంటే 16 వేల రెట్లు నెమ్మదిగా నడిచి ఉండాలి. అందుకు నౌక ఎంత వేగంతో పోవాలో, వేగాన్ని బట్టి గడియారం ఎంత నెమ్మదిస్తుందో చెప్పే లోరెంట్జ్ సూత్రంతో పిల్లలచేతే కట్టిస్తే, జవాబు చూసి వాళ్లు ఆశ్చర్యపోతారు. కాంతి సెకనుకు 29,97,92,458 మీటర్లు పోతుంది కదా, ఈ నౌక దానికంటే సెకనుకు సుమారు 60 సెంటీమీటర్లు మాత్రమే వెనకబడి ఉండాలి. ఆ వేగాన్ని సమీపించడానికి ఒక గంట తీసుకున్నా, లోపలివాడిమీద పడే తోపు భూమ్యాకర్షణకు కనీసం 8 వేల రెట్లు ఉంటుంది. ఆ ఇబ్బందిని చిత్రం పట్టించుకోదు. కాలంలో వెనక్కి వెళ్లడాన్ని మనిషి శరీరం తట్టుకోలేకపోవచ్చునని భయపడే మాక్స్, ఇంటినుంచి ఫేలన్‌కు తీసుకువెళ్లేటప్పుడు ఆ భయం పెట్టుకోకపోవడం విచిత్రమే.

సరిపోని సగం దూరానికి సంబంధించినది. ఫేలన్ మనకు 560 కాంతి సంవత్సరాల దూరంలో ఉందని చిత్రం చెబుతుంది. డేవిడ్ గడియారం ఎంత నెమ్మదించినా, భూమిమీదివారి లెక్కలో ఏ నౌకా కాంతిని దాటలేదు. వెళ్లడానికి 560 ఏళ్లు, రావడానికి 560 ఏళ్లు, వెరసి కనీసం 1,120 ఏళ్లు. 1978లో బయలుదేరిన డేవిడ్ 3098కి ముందు తిరిగిరాలేడు. మరి ఎనిమిదేళ్లలో వెళ్లిరావాలంటే గ్రహం ఎంత దూరంలో ఉండాలి? నాలుగు కాంతి సంవత్సరాలకంటే కాస్త తక్కువ దూరంలో. అక్కడ నక్షత్రమే లేదు. సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరిదైన ప్రాక్సిమా సెంటారీ సైతం 4.2 కాంతి సంవత్సరాల అవతల ఉంది. దానిని తాకి వచ్చినా ఎనిమిదిన్నరేళ్లు పడుతుంది.

దీనిని రచయితల అజ్ఞానమని కొట్టిపారేయడం న్యాయం కాదని నమ్ముతున్నాను. 1,120 ఏళ్ల తర్వాత దిగిన పిల్లవాడికి ఎదురయ్యేది కొత్త ప్రపంచం, అంతా అపరిచితమే. ఎనిమిదేళ్ల తర్వాత దిగినవాడికి ఎదురయ్యేది తన ఇల్లే, తన అమ్మే, తన తమ్ముడే, కానీ ఎవరూ తాను వదిలివెళ్లినట్టు లేరు. తనను ఆటపట్టించే ఎనిమిదేళ్ల పోకిరి తమ్ముడు ఇప్పుడు తనకు ధైర్యం చెప్పే పెద్దవాడు. అన్న తప్పిపోవడానికి తానే కారణమని ఇన్నేళ్లూ కుమిలిపోయినవాడు. ఆ ఇద్దరు ఆసుపత్రి గదిలో మాట్లాడుకునే సన్నివేశంకోసమే ఎనిమిది అనే అంకెను ఎంచుకున్నారనిపిస్తుంది. తమ్ముడు అన్నను దాటిపోవాలి, అమ్మానాన్నలు బతికే ఉండాలి, అన్నదమ్ముల మధ్య చనువు పూర్తిగా తెగిపోకూడదు. ఈ మూడూ కలిసే గడువు ఇంచుమించు అంతే. సాపేక్ష సిద్ధాంతాన్ని అద్భుతంగా కాక, ఒక ఇంట్లో పడిన లోటుగా చూపిన చిత్రాలు ఆ దశాబ్దంలో అరుదు. దానికోసం దూరం లెక్క తప్పినా నాకు అభ్యంతరం లేదు.

మన పాఠకులకు ఇక్కడ రైవతుడి కథ గుర్తుకు రావడం సహజం. పోతన భాగవతం నవమ స్కంధంలో రైవతుడు తన కూతురు రేవతికి తగిన వరుడెవరో అడగడానికి ఆమెను వెంటబెట్టుకుని బ్రహ్మలోకం వెళతాడు. అక్కడ సాగుతున్న గానం ముగిసేదాకా కొద్దిసేపు ఆగి ప్రశ్న అడిగితే, ఈలోగా భూమిమీద 27 మహాయుగాలు గడిచాయనీ, అతడు మనసులో అనుకున్న వరులే కాదు, వారి కొడుకులూ మనుమలూ సైతం లేరనీ బ్రహ్మ చెబుతాడు. ఇందులో సాపేక్ష సిద్ధాంతముందని పిల్లలకు చెప్పవద్దు. కాంతివేగమూ లేదు, లెక్కా లేదు. కానీ, కాలం అందరికీ ఒకేలా గడవకపోతే తిరిగివచ్చినవాడికి ఏమవుతుందన్న ఊహ ఎంత పాతదో చూపడానికి ఇంతకంటే మంచి కథ లేదు.

ప్రశ్న: నేను యానిమేషన్ కోర్సు చదువుతున్నాను. 1986లో కంప్యూటర్లు అంత బలహీనంగా ఉన్నప్పుడు, చుట్టూ ఉన్న ఆకాశం, చెట్లు ప్రతిబింబించేలా ఆ నౌకను ఎలా చేశారు?
– ఒక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: అన్ని సన్నివేశాల్లోనూ కంప్యూటర్ లేదు. హ్యాంగర్‌లోనూ నేలమీదా నటులు పక్కనే నిలబడి కనిపించే చోట్ల వాడినది అసలు పరిమాణంలో కట్టిన నమూనా. నౌక గాలిలో ఎగురుతూ వేగాన్ని బట్టి రూపం మార్చుకునే కొన్ని దృశ్యాలను టొరంటో కేంద్రంగా పనిచేసిన ఆమ్నిబస్ కంప్యూటర్ గ్రాఫిక్స్ సంస్థ తయారుచేసింది. ఆ పనికి నాయకత్వం వహించిన జెఫ్ క్లైజర్, దర్శకుడు రాండల్ క్లైజర్‌కు స్వయానా సోదరుడు. చిత్రంలోని తమ్ముడి పేరు కూడా జెఫ్ కావడం గమనించదగిన విషయం.

వాళ్లు వాడిన పద్ధతిని రిఫ్లెక్షన్ మ్యాపింగ్ అంటారు. తోమిపెట్టిన స్టీలు బిందెను వాకిట్లో పెడితే దానిమీద వీధి మొత్తం వంగి కనిపిస్తుంది కదా, ఆ ప్రతిబింబాన్ని నిజంగా లెక్కకట్టాలంటే ప్రతి కాంతికిరణమూ ఎక్కడినుంచి బయలుదేరి, దేనికి తగిలి, కంటికి ఎలా చేరిందో వెనక్కి వెతుక్కుంటూ పోవాలి. ఆనాటి యంత్రాలకు అది తలకు మించిన భారం. దానికి బదులు చుట్టూ ఉన్న పరిసరాల చిత్రాన్ని ముందే సిద్ధం చేసుకుని, నౌక ఉపరితలంమీద ఒక్కొక్క బిందువు దగ్గరా చూపు ఏ దిశకు తిరిగి ప్రతిఫలిస్తుందో మాత్రం లెక్కించి, ఆ దిశలో చిత్రంలో ఏ రంగు ఉందో దానిని తెచ్చి అద్దుతారు. నౌక కదిలినా వంగినా దిశలు మారతాయి కనుక, ప్రతిబింబమూ దానంతట అదే జారుతున్నట్టు కనిపిస్తుంది. ఈ ఆలోచనను జేమ్స్ బ్లిన్, మార్టిన్ న్యూవెల్ 1976లోనే పరిశోధన పత్రంగా ప్రచురించారు. అయితే ఒక పూర్తి నిడివి కథాచిత్రంలో, నిజంగా తీసిన దృశ్యాల పరిసరాలు ప్రతిబింబించేలా దానిని తొలిసారి వాడినది ఇక్కడే. ఐదేళ్ల తర్వాత, 1991లో, ‘టెర్మినేటర్ 2’లో కరిగిన లోహంలా రూపం మార్చుకునే మనిషిని చూసి ప్రపంచం నివ్వెరపోయింది. ఆ దారిని ముందుగా తొక్కినది ఈ పిల్లల చిత్రమని చాలామందికి తెలియదు.

మీరు చదువుతున్న విద్యకు పనికివచ్చే విషయం ఇంకొకటుంది. ఈ నౌకకు కిటికీలు, రెక్కలు, అతుకులు, మరమేకులు ఏవీ లేవు. నున్నని ఉపరితలం తప్ప మరేమీ లేని రూపమది. వివరాలు దట్టించవలసిన అవసరం లేకపోవడం వల్ల ఆనాటి కంప్యూటర్‌కు భారం తగ్గింది, మనుషులు చేసినట్టు లేదన్న భావమూ కలిగింది. సాధనానికున్న పరిమితి, కథకు కావలసిన రూపం ఒకే చోట కలిశాయి. ఇప్పటికీ ఆ దృశ్యాలు వెలవెలబోకపోవడానికి అదే కారణమనుకుంటాను. వీలైతే శబ్దం మీద కూడా ధ్యాస పెట్టి చూడండి. అంతకు ముందు సంవత్సరమే ‘బ్యాక్ టు ది ఫ్యూచర్’కు నిండైన వాద్యబృందంతో సంగీతమిచ్చిన అలన్ సిల్వెస్ట్రీ, ఇక్కడ సింక్లావియర్ అనే ఎలక్ట్రానిక్ వాద్యాన్ని ప్రధానంగా నమ్ముకున్నారు. అతుకులు లేని ఆ నౌకకు ఆ ధ్వని బాగా అమరింది.

ప్రశ్న: మనుషులు మెదడులో పది శాతమే వాడతారు కనుక మిగతా ఖాళీలో నక్షత్రపటాలు నింపామని మాక్స్ అంటాడు. మనం నిజంగా పది శాతమే వాడుతున్నామా?
– ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: లేదు, అది అపోహ. మెదడు బరువు శరీరం బరువులో సుమారు 2 శాతమే అయినా, శరీరం ఖర్చుచేసే శక్తిలో దాదాపు 20 శాతం దానికే పోతుంది. పది పాళ్లలో తొమ్మిది పాళ్లు ఊరికే పడి ఉండే అవయవానికి ప్రకృతి అంత మేత వేయదు. మెదడులో ఏ చిన్న భాగం దెబ్బతిన్నా ఏదో ఒక పని కుంటుపడుతుందన్నది వైద్యులు రోజూ చూసేదే. ఎనభైల నాటి ఎన్నో కథల్లో ఈ పది శాతం మాట వినిపిస్తుంది. డేవిడ్ తలలో పటాలు దాచడానికి రచయితలకు ఒక సాకు కావలసివచ్చింది, అంతవరకే దానిని తీసుకోండి.

ప్రశ్న: మన ‘ఆదిత్య 369’లో కాలయంత్రం ఎక్కి వెనక్కీ ముందుకూ వెళతారు. ఈ చిత్రంలో డేవిడ్ చివరికి 1978కి తిరిగివెళతాడు. రెండూ ఒకటేనా?
– ఒక పాఠకుడు, డాలస్, అమెరికా

జవాబు: డేవిడ్ కథలో రెండు వేరువేరు ప్రయాణాలున్నాయి. 1978నుంచి 1986కు రావడం వేగం వల్ల జరిగింది. పైన వివరించినట్టు దానికి శాస్త్రంలో గట్టి పునాది ఉంది. ఒక లెక్కన అంతరిక్ష కేంద్రంలో ఆరు నెలలుండి వచ్చే వ్యోమగాములందరూ సెకనులో వెయ్యోవంతులు నాలుగైదు మేర భవిష్యత్తులోకి దూకినవారే. ముగింపులో 1986నుంచి 1978కి వెళ్లడం అలాంటిది కాదు. కాలంలో వెనక్కి వెళ్లే దారిని ఇప్పటివరకు ఏ ప్రయోగమూ చూపలేదు. ఆ చివరి ప్రయాణం వరకు ఇది సింగీతం శ్రీనివాసరావు 1991లో తీసిన ‘ఆదిత్య 369’కు చుట్టమే. శ్రీకృష్ణదేవరాయల కాలానికీ, 2504 నాటి భవిష్యత్తుకూ తీసుకుపోయిన ఆ యంత్రంలాగే ఇదీ పూర్తిగా కల్పన. అయితే మన చిత్రం కాలాన్ని చూసిరావలసిన చోటుగా మలచుకుంటే, ఇందులో కాలం పిల్లవాడిని ఇంటికి దూరం చేసిన అడ్డంకి. డేవిడ్‌కు రాయలవారి కొలువు అక్కర్లేదు, తాను తప్పిపోయిన ఆ రాత్రి ఒక్కటి చాలు.

ప్రశ్న: మా అమ్మాయికి తొమ్మిదేళ్లు, అబ్బాయికి ఆరేళ్లు. ఇద్దరికీ ఈ సినిమా చూపించవచ్చా? సరదా సినిమా అని రాశారు, కానీ కథ వింటే భయమేస్తోంది.
– ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: అమ్మాయికి నిస్సందేహంగా చూపించవచ్చు. అబ్బాయికైతే మీరు పక్కన కూర్చుని చూపించండి. మీ భయంలో నిజం లేకపోలేదు. ఈ చిత్రం నిడివి గంటన్నర. మొదటి అరగంటకూ తర్వాతి గంటకూ స్వభావంలోనే తేడా ఉంది. తన ఇంటి తలుపు కొట్టితే కొత్తవాళ్లు తీయడం, ‘మా అమ్మ ఏది’ అని ఆ పిల్లవాడు ఇల్లంతా వెతకడం ఆరేళ్ల పిల్లలకు రాక్షసులకంటే ఎక్కువ భయం కలిగించగలవు. రక్తం లేదు, హింస లేదు, విలన్ అనదగినవాడు కూడా లేడు. నాసా అధికారులు కూడా చెడ్డవాళ్లు కారు. తెలుసుకోవాలన్న ఆత్రంలో ఎదురుగా ఉన్నది ఒక పిల్లవాడన్న సంగతి మరిచినవాళ్లు. ఆ అరగంటలో మీ అబ్బాయి ముఖం చిన్నబోతే, డేవిడ్ చివరికి అమ్మ దగ్గరకు చేరతాడని ముందే చెప్పేయండి. ఆ వయసు పిల్లలకు కథ తెలిసిపోవడం వల్ల ఆనందమేమీ తగ్గదు.

డేవిడ్ నౌకలోకి అడుగుపెట్టాక కథ మరో బాట పడుతుంది. నక్షత్రపటాలకోసం డేవిడ్ మెదడును చదివిన మాక్స్‌కు మనిషి గుణాలు కూడా అంటుకుని, అంతవరకు గంభీరంగా ఆజ్ఞలు పాటించిన యంత్రం ఒక్కసారిగా కితకితలు పెట్టినట్టు నవ్వుతూ అల్లరి మొదలుపెడుతుంది. ఆ గొంతు అప్పట్లో పీ-వీ హెర్మన్ పాత్రతో అమెరికా పిల్లలను నవ్వించిన పాల్ రూబెన్స్‌ది. పేర్ల జాబితాలో మాత్రం పాల్ మాల్ అన్న మారుపేరుతో కనిపిస్తుంది. ఇంటికి దారి తెలియక నౌక టోక్యో దాకా వెళ్లడం, రకరకాల గ్రహాలనుంచి సేకరించిన వింత జీవులు, అందులో డేవిడ్ చేతిని వదలని చిన్న పక్‌మారెన్, ఇవన్నీ మీ అబ్బాయికి నచ్చుతాయి. పెద్దవాళ్లకు ఈ భాగం కొంత సాగదీసినట్టు అనిపించవచ్చు. మొదటి అరగంట ఇచ్చిన బరువును ఈ అల్లరి కొంత జార్చేసిందని నాకూ అనిపిస్తుంది. కానీ ఆకాశంలోనుంచి చూస్తే ఏ ఇల్లు తమదో తెలియని అన్నకోసం పదహారేళ్ల జెఫ్ ఇంటి కప్పెక్కి బాణసంచా వెలిగించే చోట ఆ బరువు మళ్లీ తిరిగివస్తుంది.

మీ ఇద్దరు పిల్లల్లో అక్క పెద్దది, తమ్ముడు చిన్నవాడు కనుక ఒక మాట. చిత్రం అయ్యాక, తమ్ముడు నీకంటే పెద్దవాడైతే ఏం చేస్తావని అమ్మాయిని అడిగి చూడండి. తర్వాత అదే ప్రశ్న అబ్బాయినీ అడగండి. ఇద్దరి జవాబులూ మాకు రాసి పంపితే వచ్చే సంచికల్లో సంతోషంగా ప్రచురిస్తాం.